గుండ్రటి మూలలు

హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనే టీ బంకు ముందు ఆగిన లారీ మీంచి కొత్త పెయింటు వాసన వచ్చింది. దాని కింద కోసిన చెక్క వాసన కూడా ఉంది. ఆ రెండూ కలిసి వస్తే నా కాళ్ళు ఇప్పటికీ వాటంతటవే ఆగిపోతాయి. నేను బండి నడపను, నడపకూడదు కూడా. ఎక్కడికి వెళ్ళినా బస్సే. బస్సు కోసం ఎదురుచూసేవాడికి లారీలను చూసే తీరిక దండిగా దొరుకుతుంది. లారీ వెనక్కి వెళ్ళి తలుపు అంచు మీద చెయ్యి వేసి చూశాను. మూల గుండ్రంగా ఉంది. డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఏంటి సార్, ఏమన్నా ఊడిందా?" అని అడిగాడు. "ఏం లేదయ్యా, బాగుందని చూస్తున్నా" అన్నాను. ఆ మూల అలా ఎందుకుందో అతనికి తెలియదు. నాకు మాత్రం రత్నకుమారి గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొచ్చిన రోజున నాకు మరో పని సాగదు.

ఆవిడ విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు యజమాని. తండ్రికి చూపు తగ్గాక షెడ్డు ఆవిడ చేతికి వచ్చింది. ఒంటి మీద నేత చీర, కాళ్ళకు మాత్రం మగవాళ్ళు వేసుకునే కాన్వాసు బూట్లు. నేలంతా మేకులు మరి! నోట్లో ఎప్పుడూ వక్కపొడి ఉండేది. కోపం వస్తే నమలడం ఆగిపోయేది. అది గమనించిన వాళ్ళం గమనించినట్టే ఎవరి పనిలో వాళ్ళం తల దూర్చేవాళ్ళం. మంచి మాట కూడా తిట్టినట్టే చెప్పేవారు. అందుకని ఆవిడ మెచ్చుకున్నారో మందలించారో తేల్చుకోవడానికి కొత్తవాళ్ళకు కొన్నాళ్ళు పట్టేది.

నాది మైలవరం దగ్గర పల్లె. డిప్లొమా చదువుతుండగా మొదటిసారి ఫిట్స్ వచ్చి క్లాసులోనే పడిపోయాను. మందులు మానకూడదు, నిద్ర చెడగొట్టుకోకూడదు, ఎత్తుల మీదా మిషన్ల దగ్గరా జాగ్రత్తగా ఉండాలి అని డాక్టరు గారు చెప్పారు. ఆయన తేలిగ్గానే చెప్పారు గానీ ఊరు అంత తేలిగ్గా తీసుకోలేదు. చదువయ్యాక మోటారు పంపులు తయారుచేసే చోట ఉద్యోగం దొరికింది. ఆరోగ్యం సంగతి అడిగితే నిజం చెప్పాను. మేనేజరు ఎంతో మర్యాదగా, "ముందు ఒళ్ళు చూసుకోండి బాబూ, ఉద్యోగం ఎక్కడికి పోద్ది?" అన్నారు. ఉద్యోగం ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత మా మేనమామ నన్ను ఆటోనగర్ తీసుకొచ్చి, షెడ్డు గేటు దగ్గరే చెయ్యి పట్టుకుని, "ఈసారన్నా నోరు మూసుకుని ఉండరా. అడిగితేనే చెప్పు" అన్నాడు. రత్నకుమారి గారు అడగలేదు. నేను చెప్పలేదు. మేస్త్రి వీరాచారి గారి కింద కొలతలు పట్టే పనికి చేరాను.

చేరి నెల తిరక్కముందే పడ్డాను. చెక్కలు కోసే రంపం మిషన్‌కు కాస్త ఇవతలగా. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలని మన వైపు పెద్ద నమ్మకం. ఇళ్ళల్లో అయితే తాళాలగుత్తి పెడతారు. లారీ షెడ్డులో ఇనుముకు కరువా? వీరాచారి గారు చేతికందిన పెద్ద పానా తెచ్చి నా గుప్పిట్లో పెట్టారు. కొట్టుకుంటున్న చెయ్యి ఊరుకుంటుందా? ఆ పానాతో నా నుదురు నేనే చీల్చుకున్నాను. ఆ మచ్చ ఇప్పటికీ ఎడమ కనుబొమ్మ పైన ఉంది. స్పృహ వచ్చేసరికి చుట్టూ జనం, ఎవరో ఉల్లిపాయ కూడా పట్టుకుని నిలబడ్డారు. రత్నకుమారి గారు నోట్లో వక్కపొడి నమలకుండా మేస్త్రి వైపు చూస్తున్నారు.

"మూర్ఛొస్తే ఇనుము పట్టించాలి గదా మేడమ్‌గారూ" అన్నారు వీరాచారి గారు, మొహం పాలిపోయి.

"పట్టించావుగా! ఇంకా నయం, జాకీ పెట్టలేదు. ఒరేయ్, అందరూ వినండి. ఇక మీదట చేతిలో ఏదీ పెట్టద్దు, నోట్లో ఏదీ కుక్కద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తంది ఏదన్నా పెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి పోదాం. అర్థమైందా?"

నుదుటికి కుట్లు వేయించి నన్ను ఆటో ఎక్కిస్తూ, "రేపు రా, మాట్లాడాలి" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు ముందే తెలుసు. ఒళ్ళు చూసుకోమంటారు. ఆ సాయంత్రం అద్దె గదిలో బట్టలు కూడా సర్దేసుకున్నాను. ఇక జీవితమంతా మా ఇంటి అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళ జాలి చూపులు లెక్కపెట్టుకోవడమే అనిపించి ఏడుపొచ్చింది.

మర్నాడు వెళ్తే ఆవిడ కుర్చీలో కూడా కూర్చోలేదు. "నాతో రా" అని షెడ్డులోకి నడిచారు. రంపం మిషన్ దగ్గర ఆగి, "ఇక్కడ పడితే?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. "ఏంటి మేడమ్?"

"నువ్వు ఇక్కడ పడితే ఏమవుద్ది అంటన్నా. చెప్పు."

"చెయ్యి పోద్దండి."

"అయితే ఇది నీది కాదు. పద."

వెల్డింగ్ చేసేచోట మళ్ళీ అదే ప్రశ్న. మొహం కాలుతుందన్నాను. బాడీ పైకెక్కే నిచ్చెన దగ్గర నడుం విరుగుతుందన్నాను. అలా షెడ్డంతా తిప్పి, ప్రతిచోటా నా నోటితోనే చెప్పించి, చివరికి ఆఫీసు గదిలో కిటికీ పక్కనున్న చెక్క బల్ల దగ్గరికి తెచ్చారు. "ఇక్కడ పడితే?"

"బల్ల మూల తగులుద్దండి" అన్నాను.

"వీరాచారీ! చిత్రిక తీసుకురా!" అని కేకేశారు. మేస్త్రి వచ్చి నాలుగు మూలలూ చిత్రిక పట్టి, అరచేత్తో తడిమితే గుచ్చుకోనంత నున్నగా చేశారు. నిన్నటి పానా తాలూకు సిగ్గు ఆ పనిలో ఉంది, ఇంకాస్త ఇంకాస్త అంటూ చేశారు. "ఇప్పుడు పడితే?" అన్నారావిడ. ఏమీ కాదన్నాను.

"అయితే ఇది నీది. ఇప్పటిదాకా కొలతలన్నీ మేస్త్రి బుర్రలోనే ఉంటన్నాయి. ఆయన రెండ్రోజులు జ్వరమొచ్చి పడుకుంటే షెడ్డు కూడా పడుకుంటంది. నువ్వు డిప్లొమా చదివావుగా, డ్రాయింగులు గియ్యి. జాలిపడి ఇస్తన్నాననుకునేవు, నాకంత తీరిక లేదు. గీత తప్పిందో, చూస్కో మరి."

అంతకు ముందు నన్ను చూసినవాళ్ళంతా నేను ఏం చేయలేనో చెప్పారు. అదే లెక్క మొదలుపెట్టి, ఏం చేయగలనో దాకా నడిపించింది ఈవిడొక్కరే. ఆ రోజు ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు నాకు కలిగిన గర్వం తర్వాత ఏ జీతం పెరిగినప్పుడూ కలగలేదు.

పని ఒత్తిడి ఉన్న రోజుల్లో షెడ్డులో అందరూ పొద్దుపోయేదాకా ఉండేవాళ్ళు. నన్ను మాత్రం ఆవిడ సాయంత్రమే తరిమేసేవారు. నిద్ర తప్పితే నాకు ఫిట్స్ వస్తాయని ఆవిడకు తెలుసు. ఒకసారి పెయింటర్ ఒకతను నాకు వినపడేలా, "రాజుగారికి వేళకి పడక!" అన్నాడు. ఆవిడ ఆగి, "వీరాచారి కళ్ళజోడు పెట్టుకుని పనిచేస్తాడు. దాన్ని సోకనుకుంటన్నావా నువ్వు? నిద్ర ఇతనికి కళ్ళజోడు లాంటిది. పొద్దున్న అందరికన్నా ముందొచ్చి ఎవడు కూర్చుంటన్నాడో అది కూడా చూడు" అన్నారు. ఆ పెయింటరే తర్వాత నాకు మంచి స్నేహితుడయ్యాడు. మూడోసారి పడ్డప్పుడు తన చొక్కా విప్పి నా తల కింద పెట్టింది అతనే.

ఇవన్నీ ఆవిడకెలా తెలుసో చాలాకాలం తెలియలేదు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తనే చెప్పారు. వాళ్ళన్నయ్యకూ ఇదే జబ్బు. "మా అన్నయ్య లెక్కల్లో పులి. పడతాడేమోనని ఇంట్లో కూర్చోబెట్టాం. ప్రేమతోనే కూర్చోబెట్టాం మురళీ, కొట్టి కాదు. మంచం, టీవీ, వేళకి అన్నం, అన్నీ అమర్చాం. అలా కూర్చుని కూర్చునే పోయాడు. ఒక్క పని చెప్పి ఉంటే..." అని ఆపేసి, గ్లాసు పక్కన పెట్టి, "ఆ లారీ డ్రాయింగు అయిందా లేదా?" అని గదమాయించారు. నేను తల వంచుకుని గీసుకున్నాను. కళ్ళు మసకబారి ఆ గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీశాను.

గుండ్రటి మూలల సంగతి ఆ తర్వాతే. సరుకెత్తే హమాలీలు వంగి లేచేటప్పుడు లారీ వెనక తలుపు మూలలకు తల కొట్టుకోవడం కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి. నా బల్ల మూల మీద చెయ్యి ఆనించి ఆలోచిస్తే నవ్వొచ్చింది. నాకు చేసిన మర్యాద వాళ్ళకెందుకు చేయకూడదు? కొత్త డ్రాయింగులో తలుపు మూలలు వంపు తిప్పి గీశాను. వీరాచారి గారు కాగితం చూసి, "ఇదేం వంపయ్యా? పని పెరుగుద్ది, బండికేం ఒరుగుద్ది?" అన్నారు. రత్నకుమారి గారు కాగితాన్ని కాసేపు చూసి, నా మొహం వైపు చూసి, "అన్నిటికీ ఇలాగే కట్టండి" అని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు డ్రైవర్లు షెడ్డుకొచ్చి, "ఆ మూలల్లేని బాడీ కావాలండీ" అని అడగడం మొదలుపెట్టారు. వీరాచారి గారు ఆ వంపు తన తాతల నుంచీ వస్తోందన్నట్టు వాళ్ళకు వివరించేవారు. నేను కాదనలేదు.

అన్నీ కుదురుకున్నాక మా మేనమామే ఇంకో ఉద్యోగం తెచ్చాడు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుగా. జీతం బాగా ఎక్కువ. పైగా చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుందని మా అమ్మ సంబరపడింది. "జబ్బు సంగతి ఎత్తకు, మందులు వాడతన్నావుగా" అన్నాడు మామయ్య. నాకూ ఆశ కలిగింది. భయపడుతూనే రత్నకుమారి గారికి చెప్పాను. వద్దంటారనుకున్నాను. "చూడకుండా ఎలా చెప్తావ్? పద, నేనూ వస్తా" అని కారు తీయించారు.

కాంట్రాక్టరు గారు మర్యాదస్తుడు. ఇద్దరికీ హెల్మెట్లిచ్చి సైటంతా చూపించాడు. ఒకచోట ఇనుప మెట్లు పైకి, ఇంకా పైకి వెళ్తున్నాయి. మెడ వెనక్కి వంచినా చివర కనపడలేదు. రోజూ ఎక్కి దిగాల్సింది అక్కడేనట. రత్నకుమారి గారు ఆ ప్రశ్న అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. బూటు కొనతో కంకర కదుపుతూ ఎటో చూస్తున్నారు. వక్కపొడి నమలడం మాత్రం ఆగింది. కింద కొందరు కూలీలు నీడలో అన్నం తింటున్నారు. వాళ్ళను చూశాను, మెట్లను చూశాను.

"ఇక్కడ పడితే నేనొక్కణ్ణే పోను మేడమ్" అన్నాను. తర్వాత కాంట్రాక్టరు గారి వైపు తిరిగి, "నాకు ఫిట్స్ ఉన్నాయండీ. ఎత్తుల మీద పనిచేయను. డ్రాయింగు పని ఏదైనా ఉంటే చెప్పండి, బాగా చేస్తాను" అన్నాను. పడిపోయాక కాకుండా, ఎవరూ అడక్కుండా, తల ఎత్తి ఆ మాట చెప్పడం నాకదే మొదటిసారి.

ఆయన తెల్లబోయి, "అయ్యో, చూస్తే అలా ఏం కనపడరే!" అన్నాడు.

"ఎలా కనపడాలండీ?" అన్నారు రత్నకుమారి గారు. వక్కపొడి నమలడం మళ్ళీ మొదలైంది.

తిరుగు ప్రయాణంలో కృష్ణ ఒడ్డున కారాపించి చెరుకురసం తాగించారు. మెచ్చుకోలేదు. "రేపు తొందరగా రా, రెండు బండ్లున్నాయి" అన్నారు, అంతే. ఆ మాటే నాకు సన్మానం.

పోయిన వానాకాలంలో ఆవిడ పోయారు. షెడ్డును ఆవిడ మేనల్లుడు చూస్తున్నాడు. కిటికీ పక్క బల్ల ఇంకా నాదే. జబ్బూ నాదే, అప్పుడప్పుడూ వచ్చి పలకరించి పోతుంది. పనికొచ్చే కొత్తవాళ్ళను నేనే షెడ్డంతా తిప్పుతాను. ఈమధ్య ఒక కాలు ఈడ్చి నడిచే అమ్మాయి ఉద్యోగం అడగడానికి వచ్చి, తను ఏం చేయలేదో గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "ముందు నాతో రామ్మా" అన్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు నా ఎదురు బల్ల దగ్గర లెక్కలు చూస్తోంది.

జంక్షన్‌లో బస్సు రానే వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి చూశాను. ఆ లారీలోకి ధాన్యం బస్తాలెత్తుతున్న హమాలీ ఒకతను వంగినవాడు గబుక్కున లేచాడు. తల తలుపు మూలకు తగిలింది. అరచేత్తో ఒకసారి రుద్దుకుని, ఏం తగిలిందో చూడనైనా చూడకుండా ఇంకో బస్తా అందుకున్నాడు.