గునుగు కాని గునుగు

రాజలింగానికి కోరుట్ల మొత్తం మీద రోత. పద్దెనిమిదేళ్లు దోహాలో ఒక పెద్ద బంగళా తోట చూసుకుని వచ్చినవాడు. గోడ మీద గుట్కా ఉమ్మి కనిపిస్తే చాలు, "థూ, ఏం మందిరా నాయనా!" అని రోజంతా గొణుగుతాడు. పక్కింటివాళ్లు అడగకుండా మందారాలు తెంపుకుపోయినప్పటి నుంచి గేటుకు తాళమే. ఇంట్లో భార్య భాగ్యతోనూ మాటలు తక్కువే, చెప్పినా దానికేం అర్థమవుతుందని.

ఆయన ప్రాణమంతా రేకుల కింద పెట్టిన ఇసుక కుండీలో ఉంది. ఆస్ట్రేలియా మొక్క, ముల్లా ముల్లా. దోహా నుంచి తెచ్చిన విత్తనాలన్నీ వేస్తే బతికి బట్టకట్టింది ఇదొక్కటే. వాన తగిలితే వేరు కుళ్లుతుందని పసిపిల్లలా సాకాడు. గులాబి రంగు కంకులు ఏడు పూశాయి, అచ్చం చేలల్లో మొలిచే, బతుకమ్మలో రంగులద్ది పేర్చే గునుగు పువ్వులాగే. మూడు వారాలాగి గింజ పండితే మళ్లీ మొలకలు. లేదంటే ఇంతటితో సరి.

సద్దుల బతుకమ్మ నాడు సారంగాపూర్ పోయి వచ్చేసరికి కుండీలో మోళ్లు మిగిలాయి.

ఒళ్లు మండిపోయింది. "ఛీ, తాళమేసినా దొంగతనమేనా!" అని తిట్టుకుంటూ ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్న చోటికి ఉరికాడు. దొరికాయి. నడుమనున్న ఒక బతుకమ్మలో, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచి మరీ పేర్చారు! ఎవరిదని అడగలేదు. చెయ్యి పెట్టి ఒక కంకి పీకాడు. వరుసలు జారి, పసుపు గౌరమ్మతో సహా సగం కూలింది. పాట ఆగిపోయింది.

"ఏం జేస్తున్నవ్?" ఆడవాళ్లను తోసుకుని వచ్చింది భాగ్య. ఆ బతుకమ్మ ఆమెదే.

"నువ్వు తెంపినవా? గది ఏం పువ్వో ఎర్కేనా నీకు?"

"నువ్వెన్నడన్న చెప్పినవా? నువ్వు లేని పద్దెనిమిదేండ్లు చేన్లపొంటి తిరిగి ఒక్కదాన్నే తెంపుకచ్చుకున్న. గీయేడు మా ఇంటాయన పెంచిన గునుగని అందరికి చెప్పుకుంట పేర్చిన."

ఎవరో "ఛీ, గౌరమ్మను పడగొట్టిండు" అన్నారు. ఆడవాళ్లు ఆయన్ను తాకకుండా వెనక్కి జరిగారు. చేతిలో కంకి పచ్చిగానే ఉంది, గింజ పట్టలేదు. వేళ్లకంటిన రంగు కారుతోంది. తన చెయ్యి చూసుకుంటే తనకే అసహ్యమేసింది.

భాగ్య కింద కూర్చుని, చెదిరిన పూలలోంచి కంకులు ఏరి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇగో, ఇంక ఆరున్నయ్. తీస్కపో."