చెంచయ్య తల్లికి గీసిన బొమ్మ

1946 మొదట్లో నేను చిత్తూరులోని ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగా ఉండేవాణ్ణి. వారానికి రెండు మధ్యాహ్నాలు సిపాయిల ఆస్పత్రికి వెళ్ళి రోగులకు రంగులు వెయ్యడం నేర్పమని ఉత్తర్వు వచ్చింది. యుద్ధం నుంచి గాయాలతో తిరిగొచ్చినవాళ్ళ కోసం ఊరి చివర తాత్కాలికంగా తెరిచిన ఆస్పత్రి అది. కుంచె పట్టిస్తే వేళ్ళకు కదలిక వస్తుందని డాక్టర్ల నమ్మకం. బడిలో మా డ్రాయింగు మాస్టర్ల హోదా పండితుల కంటే ఒక మెట్టు కింద; ఆస్పత్రిలో మాత్రం నాకు కుర్చీ వేసేవారు.

అక్కడ మునిరత్నం అనే సిపాయి ఉండేవాడు. పలమనేరు దగ్గరి రైతుబిడ్డ. సింగపూరులో శత్రువులకు చిక్కి, ఖైదీగా జపాను దాకా వెళ్ళిన కొద్దిమందిలో ఒకడు. కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. అతను నేర్చుకుంటానని రాలేదు, నన్నే ఒక బొమ్మ గీసిమ్మన్నాడు.

“నాతో గూడూరు చెంచయ్య ఉండె, అయివారూ. ఆ జపానులోనే సచ్చిపోయినాడు. వాళ్ళమ్మ నన్ను సూడాలని వస్తా ఉండాది. బిడ్డ బూడిద పూడ్చిన తావు ఎట్లుండాదో ఆమెకు నోటితో చెప్పలేను.”

ఖైదీల శిబిరం పక్కనే ఒక ధనవంతుడి తోట, అందులో నీటిగుంట, దాని గట్టున చెట్టు. ఆ చెట్టు కిందే పూడ్చారట. ఆకు ఎలా ఉంటుందని అడిగితే, ఆముదపాకు మాదిరేగానీ పసిబిడ్డ అరచెయ్యంతే ఉంటుందన్నాడు. రాలే కాలానికి చెట్టంతా ఎర్రబడుతుందట. బడి ఆవరణలో రాలిన బాదమాకులు తీసుకెళ్ళి పక్కన పెట్టి, అతను తలూపేదాకా ఎరుపు కలిపాను.

గుంటలో చేపలు తెల్లనివి, ఒంటిమీద ఎర్రమచ్చలు. నీటిరంగుల్లో తెలుపు వెయ్యం. కాగితాన్నే తెల్లగా వదిలేస్తాం. అందుకని ముందు చేపల చోటు విడిచి చుట్టూ నీళ్ళ రంగు పూసి ఆరనిచ్చాను. తరువాత ఒక్కో చేప ఒంటిని తడిపి, తడి మీదే ఎరుపు చుక్క వదిలాను. అంచుల్లేకుండా అది దానంతటదే పాకింది.

“అట్లే ఉంటాయి,” అన్నాడు మునిరత్నం. “పొద్దున్నే ఒక ముసలామె గిన్నెలో మెతుకులు తెచ్చి వాటికేసేది. మేము కంచె ఇవతల నిలబడి సూస్తా ఉంటిమి. చెంచయ్య పోయింది రోగంతో కాదు అయివారూ, ఆకలితో.”

అయితే చేపలు వద్దులే, ఆకులతో కప్పేస్తానన్నాను. ఒప్పుకోలేదు. “ఉండినవి లేవని ఎట్లంటా? ఆకలి మాట మాత్రం ఆమెకు చెప్పొద్దండి.”

ఆ తల్లి రేణిగుంట మీదుగా రైల్లో వచ్చింది. గూడూరు దగ్గర అభ్రకం గనిలో కూలి. గోళ్ళ సందుల్లో ఆ పొడి మెరుస్తూనే ఉంది. చెక్కపలకకు బిగించిన బొమ్మ ముందు నేలపైనే కూర్చుంది. చెట్టు మొదలు దగ్గర వేలు పెట్టి, ఈడేనా అని అడిగింది. అవునన్నాడు మునిరత్నం. చాలాసేపు వేలు తియ్యలేదు. తరువాత నీళ్ళకేసి చూసింది.

“ఇవి చేపలా నాయనా?”

“చేపలేనమ్మా.”

“ఇన్ని చేపలుండాయే! అయితే నా బిడ్డ పస్తులుండలా.”

మునిరత్నం నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“లేదమ్మా,” అన్నాడు. “కడుపునిండా తిన్నాడు.”

“వాడు ఆకలికి ఓర్చుకోలేడు, చిన్నప్పట్నుంచీ అంతే,” అంటూ అప్పుడు ఏడ్చింది, అంతవరకూ ఏడవని మనిషి. బొమ్మను పలక నుంచి విప్పి ఇస్తే కొంగులో చుట్టుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. మునిరత్నం ఆ రోజు అన్నం ముట్టలేదని నర్సు చెప్పింది. ఆ వేసవిలోనే ఆస్పత్రి మూసేశారు. అతను ఊరికి పోయాడు. తరువాత ఏ కబురూ తెలియలేదు.

అంతవరకూ నేను బొమ్మ చూపించినప్పుడల్లా అందులో ఏ మూల ఏముందో, ఎందుకుందో వివరించేవాణ్ణి. గీసినవాడి పని అదీ అనుకునేవాణ్ణి. ఆ తరువాత మానేశాను. బొమ్మ ఒకరి చేతికి ఇచ్చాక, దాని గురించి మాట్లాడే హక్కు వాళ్ళది. ఉద్యోగం వదిలేదాకా ఆ పద్ధతే పాటించాను.