బొట్టు చెరిపిన కీబోర్డు

నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో అనంతపురంలో నాదీ ఒకటి ఉండేది. నెట్ కనెక్షన్ ఉన్నది ఒక్క కంప్యూటర్‌కే. ఆయుధపూజనాడు దాని కీబోర్డుకు పసుపు, కుంకుమ నేనే పెట్టాను.

మర్నాడు విడపనకల్లు నుంచి ఒక రైతు తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నర్సింగ్ దరఖాస్తుకు ఆ సాయంత్రమే గడువు. ఫారం తెరిచి పేరు కొడితే ఒక్క అక్షరమూ పడలేదు. కుంకుమ లోపలికి దిగి కీబోర్డు పాడైందనుకుని కంగారుగా బొట్టంతా తుడిచేశాను. బోర్లించి దులిపాను. వేరే కీబోర్డు తగిలించినా అంతే. ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది.

"ఏమప్పా, బొట్టు పెట్టి దాన్ని చంపేసినావా?" అన్నాడు తండ్రి. నాకు తల కొట్టేసినట్టయింది.

ధర్మవరంలో చీరల అంచులు కంప్యూటర్‌లో గీసే పెద్దాయన ఒకరు తన వంతు కోసం పక్కనే కూర్చున్నారు. "మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె ఆగితే కింద యాడో పోగు తగులుకొని ఉంటాది. దీనికీ కింద ఏముండాదో చూడప్పా" అన్నారు.

తెర మీద ఫారం కిటికీని పక్కకు జరిపాను. దాని వెనక ఇంకో చిన్న కిటికీ, ఏదో ప్రశ్న అడిగి నా జవాబు కోసం కాచుకుని ఉంది! నేను కొట్టిన అక్షరాలన్నీ ఫారానికి కాక దానికే పోతున్నాయి. దాన్ని మూసేసి, ఫారంలో మౌస్‌తో ఒకసారి నొక్కి కొడితే పేరు పడింది.

ఫారం పూర్తయ్యేదాకా ఆయన తన వంతు అడగలేదు, తన ధర్మవరం రైలు పోయినా కదల్లేదు. వెళ్తూ మాత్రం నేను తుడిచేసిన కీబోర్డు చూపించి, "పాపం, దాని తప్పేముండాది? మళ్లీ బొట్టు పెట్టు" అన్నారు.

ఆయన పేరు అడగలేదు. ఏటా ఆయుధపూజకు మొదటి బొట్టు మాత్రం ఆయన చెప్పినట్టే ఆ కీబోర్డుకే పెడుతున్నాను.