చెవి అందిన వయసు

వేలూరు దగ్గర గుడియాత్తంలో మా వీధి చివరింటి టీచరమ్మ పోయారు. మొన్న పొద్దున కాఫీ కలుపుతుండగా పాలు పోసే ఆమె వచ్చి చెప్పింది. ఇద్దరికని తీసిపెట్టిన గ్లాసుల్లో ఒకదాన్ని మళ్ళీ బోర్లించాను.

మా మనవడికి అక్షరాలు దిద్దించింది ఆమే. వాడి పేరు రాయను, ఆమె పేరూ రాయను. ఆమె ఎవరో తెలిస్తే వాడెవడో తెలిసిపోతుంది.

ఇంట్లో పుట్టిన పిల్లల తేదీలను ఆ రోజుల్లో ఆఫీసుకెళ్ళి రాయించేవాళ్ళు తక్కువ. కుడిచెయ్యి తలమీదుగా పోయి ఎడమ చెవిని అందుకుంటే బడిలో అయిదేళ్ళు నిండినట్టు లెక్క. మావాడివి పొడుగు చేతులు. నాలుగేళ్ళకే అందింది. టీచరమ్మ అయిదని రాసేశారు.

ఆ ఒక్క ఏడాదే తర్వాత మెడకు చుట్టుకుంది. ఎవరో నాయకుణ్ణి అరెస్టు చేశారని బందు జరిగిన రోజు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కుర్రాళ్ళతో కలిసి మావాడు బస్సు మీద రాయి విసిరాడు. డ్రైవరు నుదురు చిట్లింది. వాడికప్పుడు పదిహేడు. బడి కాగితంలో పద్దెనిమిది. వేలూరులో పెద్దవాళ్ళ కోర్టులోనే కేసు పెట్టారు. శిక్ష పడితే జన్మంతా ఆ మచ్చ పోదు. వయసు తక్కువని మేమెంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

టీచరమ్మ తానే బస్సెక్కి వచ్చి సాక్షిగా బోనులో నిలబడ్డారు.

"మీరు రాసింది మీరే తప్పంటారా?" అన్నాడు సర్కారు వకీలు.

"అవునప్పా, తప్పే. వీనికి చెయ్యి పొడుగు, వయసు కాదు. చెవి అందింది, రాసేసినాను."

"అందరికీ ఇట్లనే రాసినారా?"

"ఇట్లనే. నీకూ ఎవరో ఇట్లనే రాసింటారు. ఇంటికి పోయి మీయమ్మని అడుగు."

కోర్టంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. డాక్టర్ల పరీక్షలో మైనరని తేలి, కేసు పిల్లల కోర్టుకు మారింది. అక్కడ మందలించి వదిలారు. అప్పీలు గడువు తీరాక, చట్టప్రకారం ఆ రికార్డునే లేకుండా చేశారు.

బజారులో మాత్రం చాన్నాళ్ళు ఎగతాళి. "టీచరమ్మ రాసిన వయసా? ఒకటి తీసెయ్ నాయనా!" పిల్లల రాతలో ఒక్క కొమ్ము తప్పినా ఊరుకోని మనిషి, ఆ మాటలు వింటూనే కూరగాయలు బేరమాడి వచ్చేవారు.

ఒకసారి కృతజ్ఞతలు చెప్పబోయాను. "యా కేసమ్మా? తుడిచేసిన పలక మీద యాడ వెదికేది?" అన్నారు. ఆ తర్వాత రోజూ కాఫీ తాగుతూ అది తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. ఆ మౌనం మా ఇద్దరిదీ. ఇప్పుడు నా ఒక్కదానిదే.

ఆమె వాకిట్లో చూడవచ్చినవాళ్ళు తలా ఒక జ్ఞాపకం చెప్పారు. నాకు తెలిసిన గొప్ప సంగతి ఒక్కటే, అది చెప్పకూడనిది. మనవడు ఆంబూరు బూట్ల కంపెనీ నుంచి సెలవు పెట్టి వచ్చాడు. పాడె లేచేటప్పుడు గోడవారగా నిలబడి, ఎవరూ చూడట్లేదనుకొని, కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకున్నాడు.

చూశారా టీచరమ్మా అని అడగబోయి పక్కకు తిరిగాను. పక్కన ఎవరూ లేరు.