మంచుఖండం నుంచి రావలసిన ఫోను

రెండు వేల ఇరవై రెండు, జూన్. గిద్దలూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. కొమరోలు వైపు పల్లె నుంచి ఎనిమిదో నెల గర్భిణి సుజాతను ఆమె అత్త మార్తమ్మ తీసుకొచ్చింది. ముఖం, కాళ్లు వాచిపోయాయి. బీపీ చూసి ఉలిక్కిపడ్డాను. ప్రీఎక్లాంప్సియా. అంటే గర్భంతో ఉండగా బీపీ పెరిగి, ఫిట్స్ దాకా పోయే జబ్బు.

సుజాత తన గురించి అడగలేదు. "మా ఆయన అంటార్కిటికాలో జనరేటర్ మెకానిక్కు సిస్టర్. ఫోను రాక నాలుగు దినాలైంది. ఆడ తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయంట గదా?"

"అవి ఉత్తర ధ్రువం దిక్కునమ్మా. అక్కడుండవు."

"మరి ఏమన్నా అయితే ఎట్ల వస్తాడు?"

ఇప్పట్లో రాలేడని నాకు తెలుసు. మనకు ఎండాకాలం ముగిసేసరికి అక్కడ నడి చలికాలం. వారాల తరబడి పొద్దు పొడవదు. నేలమీద కిలోమీటర్ల మందాన మంచు, చుట్టూ గడ్డకట్టిన సముద్రం. ఓడ రాదు, విమానాలూ దాదాపు ఉండవు. ఊళ్లే లేని ఖండం; ఉన్నదల్లా పరిశోధన కేంద్రాల మనుషులే.

డాక్టరు వెంటనే నంద్యాల తీసుకుపొమ్మన్నారు. సుజాత మంచం పట్టె వదల్లేదు.

"దారిలో నల్లమల అడవిలో సిగ్నల్ ఉండదు. అప్పుడే ఆయన చేస్తే?"

మార్తమ్మ ఆమె చేతిలోని ఫోను తీసుకుంది. "ఇది పట్టుకోని నేనీడనే కూచుంటా. నువ్వు పో బిడ్డా."

అంబులెన్సులో నేను వెంట వెళ్లాను. ఘాట్ మలుపుల్లో సుజాత కళ్లు పైకి తేలాయి, పళ్లు గిట్టకరుచుకున్నాయి. ఫిట్స్. డాక్టరును అడుగుదామంటే నా ఫోనుకూ సిగ్నల్ లేదు. ఎడమవైపు తిప్పి ఆక్సిజన్ పెట్టాను. ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఎక్కించాను. ఫిట్స్ ఆగి ఆమె ఊపిరి అందుకుంది.

నంద్యాలలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. సుజాతకు స్పృహ రాలేదు. అప్పుడు నాకు ఫోను వచ్చింది. మార్తమ్మ నా నంబరిచ్చిందట.

"అక్కా, సుజాత మొగుణ్ణి. మంచు తుఫానుకు యాంటెనా పడిపోయింది. ఎట్లుంది తను?"

'అంతా బాగుంది' అనబోయాను.

"నిజం చెప్పక్కా. నేను రాలేను. అబద్ధం చెప్తే ఈ చీకట్లో దాన్నే తవ్వుకుంటా కూచుంటా."

చెప్పాను. ఫిట్స్ వచ్చాయి, ఆగాయి, పాప క్షేమం, తల్లి ఇంకా కళ్లు తెరవలేదు. "సరే అక్కా. ఇప్పుడు దేనికి ప్రార్థన చెయ్యాల్నో తెలిసింది," అన్నాడు.

మర్నాడు సుజాత కళ్లు తెరిచి, మొదట ఫోను వచ్చిందా అనే అడిగింది.

దూరాన ఉండి రాలేనివాళ్లకు ధైర్యం చెప్పడం సులువనుకునేదాన్ని. వాళ్లకు కావలసింది ధైర్యం కాదు, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఇప్పటికీ అలా చెప్పడం నాకు కష్టమే. అయినా చెబుతాను.