పెన్న ఇసుక, మంచు ఎడారి

పొద్దుటి నుంచి ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. మిద్దె మీద గది కడదామని ప్రొద్దుటూరులో మా వాకిట్లో ట్రాక్టరు ఇసుక పోయించాం. పెన్న ఇసుక. ఆ వాసన నన్ను కూర్చోనివ్వడం లేదు.

జమ్మలమడుగులో నాతో చదివినవాళ్లూ, ఎండాకాలం పెన్న ఏట్లో చెలమలు తవ్వింది గుర్తుందా? ఇసుకలో మోచేతి లోతు గుంట తీస్తే అడుగున నీళ్లు ఊరేవి. కొబ్బరిచిప్పతో బిందెలోకి తోడుకునేవాళ్లం.

ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఎడారి సహారా కాదు, అంటార్కిటికా అని ఐదో తరగతిలో టీచరమ్మ చెప్పిన రోజు, చెలమ దగ్గర మా అవ్వకు ఆ వింత చెప్పాను.

"అంత మంచు పెట్టుకోని ఎడారేందే?" అంది.

"ఆడ వానా మంచూ శానా తక్కువ పడతాయంటవ్వా. ఉండేదంతా ఎప్పుడో పడి గడ్డకట్టిందంట."

అవ్వ చిప్ప ముంచుతూ నవ్వింది. "మనకూ వాన తక్కువే. అయినా మనది ఎడారి గాదులే పాపా. ఈ ఇసుక ఉండేంత వరకు మన నీళ్లు యాడికీ పోవు."

పొద్దున వాకిట్లో ఇసుక కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. అంతా పొడి.

అప్పుడే మేస్త్రీ అడిగాడు. "ఇది సాలదక్కా. ఇంగో ట్రాక్టరు తెప్పీమంటావా?"

ఊఁ అనేశాను. అప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు.