దెబ్బ మారిన చోటు

ధర్మవరం నేతవాళ్లకు ఒక పట్టింపు ఉంది. ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరు పూర్తి చేయరు. అడ్డపోగు బిగిసేలా పలక లాగి కొట్టే దెబ్బ ఒక్కో చేతికి ఒక్కో రకం. చెయ్యి మారితే బట్ట మీద అడ్డంగా గీత పడుతుంది. అందుకే గంగాధర గుండె ఆగి పోయాక, మగ్గం మీద సగంలో నిలిచిన చీరను కోసి తీసేయమని అందరూ చెప్పారు. ఆయన భార్య నీలావతి కోయనివ్వలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆయనకు పట్టుపోగు కండెలు చుట్టి ఇచ్చిన మనిషే గానీ, ఏనాడూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది లేదు.

సంవత్సరీకం అయ్యేదాకా గుడి గడప తొక్కరాదన్నారు. "దేవుని ముందర ఏడ్చేదానికి గూడా అడ్డమేనా అత్తా?" అని నరసమ్మను అడిగింది. కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలామె గూటి వైపు చెయ్యి చూపింది.

"పారాయణ పుస్తకం ఉండాది గదా, చదువుకో. దాన్ని ఎవురూ వద్దనరు" అంది.

నీలావతి పంతానికి చదివింది. మడుగులో మొసలి కాలు పట్టిన ఏనుగు కథ చిన్నప్పటి నుంచి తెలిసిందే. దేవుడొచ్చి విడిపిస్తాడు, కథ కంచికి. ఈసారి అంతదూరం పోలేదు. ఏనుగు తొండంతో తామరపువ్వు ఎత్తి చూపిన చోటే ఆగిపోయింది. ఆ పువ్వు ఎక్కడిది? మొసలి ఉన్న మడుగులోదే కదా. మడుగు తన గుండెకాయే అనుకుంది, మొసలి ఈ దుఃఖం. కాలు విడిపించుకుని ఒడ్డెక్కాక పూజ చేస్తానంటే ఈ జన్మకు కుదరదు. అది పట్టి ఉండగానే పువ్వు కోయాలి.

మర్నాడు పొద్దున్నే గుంటలో దిగింది. మరిది మోహన్ అడ్డం వచ్చాడు.

"చీర చెడిపోతాది వదినా. ఎవురూ కొనరు."

"అమ్మేదానికి కాదులే మోహన్. నేను గుడికి పోకూడదంట. ఇదే నా గుడి."

అడ్డపోగు మోసే నాడె విసిరితే ఒక నామం, పలక కొడితే ఒక నామం. మొదటి వారమంతా పోగులు తెగాయి, ముడులేసుకుంది. ఏడుపొచ్చిన రోజు ఏడుస్తూనే నేసింది, ఆ ఏడుపునే తీసి లోపలున్న దేవుడి పాదాల దగ్గర పెట్టింది. ఏడుపేమీ తగ్గలేదు. దానికో పని దొరికింది, అంతే.

మూడు నెలలకు చీర మగ్గం దిగింది. నరసమ్మకు చూపు ఆనదు. కొంగు నుంచి వేలితో తడుముకుంటూ వచ్చి, గీత తగిలిన చోట ఆగింది.

"ఈడిదాకా నా కొడుకు" అంది. చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత మెల్లగా ముందుకు జరిపి, చీర చివరిదాకా తడిమి చూసింది.

"మగ్గానికి ఇంకో పడుగు ఎక్కించు నీలా. కండెలు నేను చుడతా. నాకూ పూజ చేసుకోవాలని ఉండాది."